మెడికల్ కాలేజీ మ్యూజియంలో ఆ సీసాలు: ఎలా నిలుస్తాయి, అసలు ఎవరివి?

మెడికల్ కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టారంటే గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఊళ్ల స్కూళ్ల నుంచి బస్సుల్లో పిల్లలు దిగుతారు. బీపీ చూసే స్టాళ్లు, థర్మాకోల్ గుండె మోడళ్లు అన్నీ ఒక ఎత్తు, మనిషి అవయవాలను సీసాల్లో నిలవబెట్టి చూపించే అనాటమీ మ్యూజియం ఒక్కటీ ఒక ఎత్తు. క్యూ అంతా అక్కడే. లోపలికి వెళ్లినవాళ్లు అడిగేవి దాదాపు రెండే ప్రశ్నలు: "ఇది నిజందేనా, ప్లాస్టిక్‌దా?", "ఇన్నేళ్లయినా కుళ్లిపోదా?" ఆప్రాన్ వేసుకుని పక్కన నిలబడ్డ ఫస్టియర్ కుర్రాడు రెండింటికీ గడగడా చెప్పేస్తాడు. మూడో ప్రశ్న ఎప్పుడో గానీ రాదు, అదీ ఏ ఏడో తరగతి పిల్లో అడుగుతుంది: "ఇది ఎవరిది అన్నా?" కుర్రాడు ఒకసారి సీసా వైపు చూసి, "మా కాలేజీలో ఎప్పటినుంచో ఉందమ్మా" అంటాడు, లైను కదిలిపోతుంది.

నేను రాయాలనుకున్నది మూడో ప్రశ్న గురించే. కానీ మొదటి రెండింటి సంగతి సరిగ్గా తెలియకుండా దాని దగ్గరికి వెళ్తే ఊరికే ఆవేశపడటమే అవుతుంది, అందుకని ముందు కాస్త కెమిస్ట్రీ ఓర్చుకోండి.

ప్రాణం పోగానే శరీరంలో రెండు పనులు మొదలవుతాయి. కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే అరిగించడం ఒకటి, పేగుల్లో అప్పటిదాకా అణిగి ఉన్న బ్యాక్టీరియా ఒళ్లంతా పాకడం రెండోది. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా వరండాలో పెట్టే ఫ్రీజర్ బాక్సు ఈ రెండింటినీ నెమ్మది చేస్తుంది, ఆపదు. ఆపేది ఫార్మాల్డిహైడ్. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మన్ డాక్టరు దీన్ని క్రిములను చంపే మందుగా పరీక్షిస్తుంటే తన వేళ్ల చర్మమే గట్టిపడింది. దాన్ని చూసి ఆయన కణజాలాన్ని నిలవబెట్టడానికి ఇది పనికొస్తుందని పట్టుకున్నాడు. అంతకుముందు రెండు మూడు వందల ఏళ్లు సారాయి లాంటి స్పిరిట్లతోనే నెట్టుకొచ్చారు.

ఫార్మాల్డిహైడ్ అసలు ఒక గ్యాస్. నీళ్లలో 37 నుంచి 40 శాతం దాకా కరిగిస్తే వచ్చేది ఫార్మలిన్. దాన్ని మళ్లీ పదిరెట్లు పలచన చేసి వాడతారు, అంటే ల్యాబులో టెన్ పర్సెంట్ ఫార్మలిన్ అని పిలిచేదాంట్లో నిజంగా ఉండే ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతమే. ఈ తేడా తెలియక వైవాలో, అంటే నోటి పరీక్షలో, బుక్కయిపోయిన ఫస్టియర్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇది ప్రొటీన్ల మధ్య చిన్న చిన్న వంతెనలు కట్టేస్తుంది. దాంతో ఎంజైముల పని ఆగుతుంది, బ్యాక్టీరియా చస్తుంది, మెత్తటి కండ బిగుసుకుపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్టే ఈ మార్పుకు కూడా దాదాపు వెనక్కి దారి లేదు.

చాలామంది అనుకునేది ఏంటంటే, అవయవాన్ని తీసి ఫార్మలిన్‌లో పడేస్తే పనైపోతుందని. కాదు. ఫార్మలిన్ లోపలికి ఇంకడం చాలా మెల్లగా జరుగుతుంది, గంటకు ఒక మిల్లీమీటరు అనుకోండి, లోతుకు పోయేకొద్దీ ఇంకా మెల్లగా. కిలోన్నర బరువుండే లివర్‌ను అలాగే ముంచితే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. అందుకే రక్తనాళాల్లోంచి ఎక్కిస్తారు, లేదా పలకలుగా కోసి ముంచుతారు, ముంచేటప్పుడు కూడా అవయవం సైజుకు పది ఇరవై రెట్లు ద్రావణం ఉండాలి.

మెదడు విషయంలో ఇంకో తిప్పలు. పుర్రెలోంచి అప్పుడే తీసిన మెదడు ఎంత మెత్తగా ఉంటుందంటే, ట్రేలో పెడితే తన బరువుకు తనే కుంగి చప్పిడిగా అయిపోతుంది, అలా గట్టిపడితే ఆ మెదడు ఇక దేనికీ పనికిరాదు. కాబట్టి అడుగు భాగంలో ఉండే బేసిలర్ ధమని కింద నుంచి ఒక దారం పోనిచ్చి, ఆ దారం రెండు కొసలనూ బకెట్ అంచులకు కట్టి, మెదడు తలకిందులుగా ద్రావణంలో తేలేట్టు వేలాడదీస్తారు. ఎక్కడా అడుగు తగలకూడదు, గోడ తగలకూడదు. దాదాపు రెండు వారాలు అలా ఉంచాకే చేత్తో పట్టుకోవడానికి, కత్తితో కోయడానికి వీలవుతుంది. సినిమాల్లో చూపించే సీసాలో మెదడు వెనక ఇలా ఒక ప్లాస్టిక్ బకెట్టూ, ఒక దారం ముక్కా ఉంటాయి.

మొత్తం దేహాన్ని నిలవ ఉంచాలంటే తొడ దగ్గరి ధమనిలోంచో మెడ దగ్గరి ధమనిలోంచో ఎనిమిది పది లీటర్ల ద్రావణం ఎక్కిస్తారు. ఫార్మలిన్ ఒక్కటే కాదు అందులో; బూజు పట్టకుండా ఫినాల్, ఎండిపోకుండా గ్లిజరిన్, స్పిరిట్, నీళ్లు. రక్తనాళాలు చెక్కుచెదరకుండా ఉంటేనే అది ఒళ్లంతా చేరుతుంది. ఈ ఒక్క పాయింటు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫార్మలిన్‌తో ఇంకో చిక్కు రంగు. రక్తంలోని ఎరుపు దాని దెబ్బకు మట్టిరంగులోకి మారిపోతుంది. అలా బూడిదరంగులో ఉన్న గుండెను చూసి గుండె జబ్బు గుర్తుపట్టమంటే ఎవరి తరం? 1890ల్లో కార్ల్ కైజర్లింగ్ దీనికొక దారి కనిపెట్టాడు: ముందు కొన్ని పొటాషియం లవణాలు కలిపిన ఫార్మలిన్‌లో గట్టిపరచడం, తర్వాత ఆల్కహాల్‌లో పెట్టి పోయిన ఎరుపును తిరిగి రప్పించడం, చివరికి గ్లిజరిన్ ద్రావణంలో ఉంచేయడం. రెండో మెట్టులో అవయవాన్ని కళ్లప్పగించి చూస్తూ ఉండాలి, రంగు రాగానే తీసేయాలి, టీ తాగొద్దామని వెళ్లి ఆలస్యం చేస్తే వచ్చిన రంగు మళ్లీ పోతుంది, ఇక రాదు. కాబట్టి మ్యూజియంలో సీసా నిండా ఉన్నదంతా ఫార్మలినే అనుకోవద్దు, చాలావాటిలో చివరికి మిగిలేది గ్లిజరిన్ ద్రావణమే.

ఏదైనా పాత సీసాను దగ్గరికి వెళ్లి చూడండి. ఇప్పుడు గాజు తగ్గిపోయి అక్రిలిక్ జాడీలు వచ్చాయి. అవయవం దానంతటది నిలబడదు, వెనక ఒక పారదర్శక పలక ఉంటుంది, దానికి చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి నైలాన్ దారంతో కుట్టి బిగిస్తారు. ముందు నుంచి చూస్తే ఆ దారం కనబడకపోతే కట్టినవాడి చెయ్యి మంచిదని అర్థం. మూత అంచుల్లోంచి ద్రావణం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోయి పైన రెండు వేళ్ల ఖాళీ వస్తుంది, నింపేవాళ్లు లేకపోతే అవయవం పైభాగం గాలికి ఎండి నల్లబడుతుంది. ద్రావణం పసుపురంగుకు తిరిగిందంటే మార్చే టైం దాటిపోయిందని. ఈ పనంతా చేసేది ప్రొఫెసర్లు కాదు, టెక్నీషియన్లూ అటెండర్లూ. స్టూడెంట్ శవాలను కోసి చదివే డిసెక్షన్ హాల్లో ఒక్క ఏడాది కళ్లు తుడుచుకుంటూ గడిపేసి బయటపడతాడు, అటెండరు ముప్పై ఏళ్లు ఆ గాలే పీలుస్తాడు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో చూడమని అడగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక "నిజందా, ప్లాస్టిక్‌దా" అనే ప్రశ్నకు "రెండూ" అని చెప్పాల్సిన రకం ఒకటుంది, ప్లాస్టినేషన్. 1977లో జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో గుంటర్ ఫాన్ హాగెన్స్ కనిపెట్టాడు. ఇందులో కూడా మొదటి మెట్టు ఫార్మలినే. తర్వాత మైనస్ 25 డిగ్రీల అసిటోన్‌లో ఉంచితే ఒంట్లోని నీరు పోయి ఆ చోట్లోకి అసిటోన్ వస్తుంది. దాన్ని ద్రవ సిలికోన్‌లో ముంచి వ్యాక్యూమ్ పెడితే అసిటోన్ బుడగలుగా బయటికి పోయి, ఖాళీ అయిన చోట్లోకి సిలికోన్ దూరుతుంది. ఆఖరున ఒక గ్యాస్ పట్టించి గట్టిపరుస్తారు. వాసన రాదు, గ్లవ్స్ లేకుండా చేత్తో పట్టుకోవచ్చు, సీసా అక్కర్లేదు, బీరువాలో పెట్టుకోవచ్చు. ఒక పూర్తి దేహానికి 1,500 గంటల పని, దాదాపు ఏడాది టైం పడుతుందని వాళ్లే చెబుతారు. మన కాలేజీలు చిన్న అవయవాల వరకే దీని జోలికి వెళ్తాయి, అసిటోన్ ఇట్టే అంటుకునే సరుకు, డీప్ ఫ్రీజర్లు కూడా నిప్పురవ్వ పుట్టించని ప్రత్యేకమైనవే కావాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఎముకల సంగతి క్లుప్తంగా: నానబెట్టి కండ వదిలించడం, కొవ్వు తీయడం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచడం. ఫస్టియర్‌లో సీనియర్ల దగ్గర సగం ధరకు కొనుక్కునే బోన్ సెట్ ఇలా తయారైందే. అది కూడా ఒక మనిషిదేనని కొనేటప్పుడు ఎవరికీ తట్టదు, బేరం మీదే ధ్యాస.

ఇన్ని త్రీడీ టేబుళ్లు, యాప్‌లు వచ్చాక ఇంకా ఈ సీసాలెందుకు అని అడిగేవాళ్లకు నా సమాధానం సూటిగా చెబుతాను. స్క్రీన్ మీద ఉండేది సగటు మనిషి. సీసాలో ఉండేది ఒకానొక మనిషి. ఒకరికి ధమని పాఠంలో చెప్పిన చోట ఉండదు, ఇంకొకరికి కిడ్నీలు రెండూ కింద అతుక్కుని ఉంటాయి, రేపు ఆపరేషన్ టేబుల్ మీదికి వచ్చేది అలాంటివాళ్లే. పైగా జబ్బుల సీసాలుండే పాథాలజీ మ్యూజియం మన ప్రాంతం చరిత్రను కూడా దాచుకుంటుంది. ఫ్లోరిన్ నీళ్లు తాగి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయిన వెన్నెముకను ఒకసారి చేతిలోకి తీసుకుంటే, మామూలు ఎముక కంటే ఎంత బరువుంటుందో, అంచుల్లో ముళ్లలా పెరిగిన ఎముక వేళ్లకు ఎలా గుచ్చుకుంటుందో ఏ యాప్ కూడా చెప్పలేదు. ఈ జబ్బును మన దేశంలో మొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ చూసిన రోగుల మీదే. దర్శి, పొదిలి వైపు నుంచి నడుం వంగని మనుషులు గుంటూరు పెద్దాసుపత్రికి రావడం పాత డాక్టర్లందరికీ తెలుసు. అలాగే శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. అంగిలి మీద దాని వల్ల వచ్చే పుండు ఒక్కసారి చూసినవాడు మర్చిపోడు.

తల పైభాగం ఏర్పడని శిశువు సీసా కూడా అంతే. దాని ముందు అందరూ ఆగుతారు, గర్భిణులు చూడకూడదని ఎవరో ఒక పెద్దావిడ పక్కన అంటూనే ఉంటుంది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఇలాంటి లోపాల్లో చాలావరకు ఆపొచ్చని 1991లో బ్రిటన్ నడిపిన పెద్ద పరిశోధనలో తేలింది, అప్పటికే ఒకసారి ఇలాంటి కాన్పు అయిన తల్లుల్లో మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. గర్భం వచ్చిన నాలుగు వారాల లోపే ఆ భాగం మూసుకుపోతుంది కాబట్టి, నెల తప్పిందని తెలిశాక మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. ఈ నాలుగు ముక్కలు సీసా పక్కన తెలుగులో రాసి పెడితే ఆ సీసాకు ఒక అర్థం ఉంటుంది. లేకపోతే అది జాతరలో రెండు తలల దూడను చూపించడంతో సమానం. చాలాచోట్ల ఇప్పటికీ ఒక నంబరు, ఇంగ్లిష్‌లో ఒక జబ్బు పేరు, అంతే.

ఇప్పుడు మూడో ప్రశ్న.

మన దేశంలో శవాన్ని కోసి చదవడం ఇంగ్లిష్‌వాళ్లు తెచ్చిందని అనుకుంటాం గానీ సుశ్రుత సంహితలోనే పద్ధతి రాసి ఉంది: దేహాన్ని ముంజగడ్డితో, దర్భతో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్లలో జనం తిరగని చోట ఏడు రాత్రులు ఉంచి, నానిన తర్వాత వట్టివేరు, వెదురు కుంచెలతో పొర పొర తీస్తూ చూడమని. తర్వాత వందల ఏళ్లు అది మరుగున పడింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా కత్తి పట్టినప్పుడు అదొక పెద్ద సంచలనం. ఆయన అప్పటికే సంస్కృతం, ఆయుర్వేదం చదివిన పండితుడు కావడం ఇందులో అసలు విశేషం. ఆ మధుసూదన్ గుప్తా పేరు మనకు తెలుసు, ఆ రోజు బల్ల మీద ఉన్న మనిషి పేరు తెలీదు. అక్కడి నుంచి ఈ రోజు దాకా కథ అదే.

శవాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ప్రతి దేశంలోనూ ఒకటే జవాబు, బీదవాళ్ల నుంచి. ఎడిన్‌బరోలో 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు అనాటమీ క్లాసుకు అమ్మడానికి ఏకంగా 16 మందిని చంపారు. బర్క్‌ను ఉరితీసి అతన్నే డిసెక్షన్ చేశారు, అతని అస్థిపంజరం ఇప్పటికీ అక్కడి అనాటమీ మ్యూజియంలోనే ఉంది. ఆ గొడవల తర్వాత 1832లో బ్రిటన్ అనాటమీ చట్టం తెచ్చింది, అందులో దొరికిన పరిష్కారం ఏంటంటే ఎవరూ వచ్చి తీసుకెళ్లని శవాలను కాలేజీలకు ఇవ్వడం. హంతకులను పక్కకు తప్పించి అనాథలను ముందుకు తోశారన్నమాట. మన రాష్ట్రాల అనాటమీ చట్టాలకు, 1949 నాటి బాంబే చట్టంతో సహా, మూలం ఆ ఆలోచనే. సరుకు ఎగుమతి కూడా చేశాం. దశాబ్దాల పాటు పాశ్చాత్య దేశాల కాలేజీల్లో వేలాడిన అస్థిపంజరాల్లో ఎక్కువ భాగం కలకత్తా వ్యాపారులు పంపినవే, 1985లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించేదాకా.

చార్లెస్ బర్న్ అనే ఐరిష్ ఆయన కథ అయితే ఇంకా మొండిది. ఏడున్నర అడుగులు దాటిన మనిషి, లండన్‌లో జనానికి తన ఎత్తు చూపించి బతికాడు, 1783లో ఇరవై రెండేళ్లకే చనిపోయాడు. డాక్టర్లు తన ఒంటి మీద కన్నేశారని అతనికి తెలుసు, అందుకే సీసం పెట్టెలో పెట్టి సముద్రంలో దింపమని స్నేహితులను వేడుకున్నాడు. సర్జన్ జాన్ హంటర్ డబ్బు వెదజల్లి ఆ దేహాన్ని తెప్పించుకున్నాడు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ అస్థిపంజరం లండన్ హంటేరియన్ మ్యూజియంలో నిలబడింది, 2023లో మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు మాత్రం ప్రదర్శన నుంచి తీసేశారు, పరిశోధన కోసం తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇక్కడే చిక్కుంది. ఆ పుర్రెను చూసే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పెరగడం వల్ల అంత ఎత్తు వచ్చిందని తెలిసింది, 2011లో ఆ పళ్లలోంచి తీసిన డీఎన్‌ఏలో కుటుంబాల్లో వచ్చే జన్యులోపం దొరికి ఇప్పటి రోగులకు పనికొచ్చింది. లాభం నిజం, దొంగతనమూ నిజం. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయలేం.

ప్లాస్టినేషన్ ప్రదర్శనల్లోనూ ఇదే కనిపిస్తుంది. టెక్నిక్ ఒకటే, కానీ ఫాన్ హాగెన్స్ బతికుండగా సంతకం చేసిన దాతల జాబితా పెట్టుకుని నడిపిస్తానన్నాడు. అమెరికాలో పోటీగా వచ్చిన ఇంకో ప్రదర్శన మాత్రం చైనా నుంచి తెచ్చిన దేహాలతో నడిచింది. 2008లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఈ దేహాలు మరణశిక్ష పడిన ఖైదీలవి కావని తాము నిర్ధారించలేమని వాళ్లే గేటు దగ్గర రాసి పెట్టాల్సి వచ్చింది. టికెట్ కొని లోపలికి వెళ్లేవాడికి రెండు చోట్లా ఒకేలాంటి కండరాలు కనిపిస్తాయి. తేడా అంతా ఆఫీసులో ఫైలుదే.

మన దగ్గరికి వద్దాం. జిల్లా ఎడిషన్లో లోపలి పేజీలో "గుర్తు తెలియని వ్యక్తి మృతి" అని నాలుగు లైన్ల వార్త చూసే ఉంటారు, చామనఛాయ, నీలం గళ్ల చొక్కా, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌లో సంప్రదించాలి అని. విజయవాడ లాంటి పెద్ద జంక్షన్ ఉన్న ఊళ్లో అలాంటి వార్తలు మామూలు. వీళ్లంతా మెడికల్ కాలేజీకి చేరతారని జనం అనుకుంటారు, అది నిజం కాదు. రైలు ప్రమాదమో, కాలువలో దొరికిన దేహమో అయితే పోలీసు విచారణ, పోస్టుమార్టం తప్పవు, పోస్టుమార్టంలో ఛాతీ, పొట్ట, తల తెరిచాక రక్తనాళాలు తెగిపోతాయి కాబట్టి ద్రావణం ఒళ్లంతా ఎక్కదు, డిసెక్షన్‌కు ఆ దేహం దాదాపు పనికిరాదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింటు ఇదే. మరి చేరేది ఎవరు? ఆసుపత్రి వార్డులో మామూలు జబ్బుతో చనిపోయి, ఎవరూ రానివాళ్లు. అంటే రోజులు, ఒక్కోసారి వారాలు మన మధ్యే మంచం మీద ఉన్నవాళ్లు, పేరు చెప్పినవాళ్లు, నర్సును నీళ్లడిగినవాళ్లు. దిక్కులేనివాళ్ల అంత్యక్రియలు కూడా గౌరవంగా జరగాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ఆ మంచం దగ్గర నిలబడి "మీ తర్వాత మీ శరీరాన్ని చదువుకు వాడుకోవచ్చా?" అని అడిగే అలవాటు మన వ్యవస్థలో లేదు. అడిగితే కొందరు సరే అంటారేమో కూడా. అడగకపోవడమే నాకు మింగుడుపడని విషయం. అంతర్జాతీయ అనాటమీ సంఘాల సమాఖ్య 2012లోనే, బతికుండగా ఇష్టపడి ఇచ్చిన దేహాలనే వాడే దిశగా వెళ్లాలని సూచించింది.

సీసాల్లోని శిశువుల సంగతి ఇంకా సున్నితం. చాలావరకు ఏళ్ల కిందట చనిపోయి పుట్టినవో, నిలవని గర్భాలో. ఆ రోజుల్లో తల్లిని అడిగారా అంటే, తల్లికి చూపించను కూడా లేదు. బ్రిటన్‌లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చెప్పకుండా పిల్లల అవయవాలు దాచారని 2001లో విచారణ నివేదిక బయటపెట్టింది, దేశమంతా అట్టుడికింది, దాని తర్వాతే అక్కడ 2004లో అనుమతి లేకుండా ఏదీ ఉంచకూడదనే చట్టం వచ్చింది. మన దగ్గర అలాంటి గొడవ రాలేదు, ఎందుకంటే ఎవరికీ తెలీదు. పాత సీసాలన్నీ తీసి పూడ్చేయమని నేను అనను, వాటితో నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. కానీ సెల్‌ఫోన్లు తీసి రీల్స్ చేసుకునే జనం ముందు వాటిని వరుసగా పెట్టే ఎగ్జిబిషన్లు ఆపాలి, విద్యార్థులకు, తెలుసుకోవాలని వచ్చేవాళ్లకు పక్కన ఒకరు నిలబడి వివరించి చూపించాలి. రికార్డు ఉన్నవాటికి ఎలా వచ్చిందో రాయాలి, లేనివాటికి రికార్డు లేదని రాయాలి. ఒక అట్టముక్క, ఒక స్కెచ్ పెన్ను, అంత ఖర్చు.

2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ సిలబస్‌లో దేహాన్ని గౌరవంగా చూడటం కూడా నేర్వాల్సిన పనుల్లో ఒకటిగా పెట్టారు. ఇప్పుడు చాలా కాలేజీల్లో ఫస్టియర్ మొదట్లో డిసెక్షన్ బల్ల ముందు నిలబడి ప్రమాణం చేయిస్తున్నారు. మొక్కుబడిగా చేసేచోట్లూ ఉన్నాయి, కానీ అసలు లేకపోవడం కంటే నయం. మేం చదువుకునేటప్పుడు ఆ బల్ల మీద జోకులే తప్ప ప్రమాణాలు లేవు.

చివరికి వచ్చే దారి ఒక్కటే, ఇష్టపడి ఇవ్వడం. 1832లో చనిపోయిన జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త తన దేహాన్ని బహిరంగంగా డిసెక్షన్ చేయమని రాసిపెట్టి, మిగిలిన అస్థిపంజరానికి తన బట్టలే తొడిగి కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇప్పటికీ అలాగే ఉన్నాడు. తలను ఎండబెట్టడం మాత్రం బెడిసికొట్టి చూడలేని రూపం వచ్చింది, మైనంతో వేరే తల పెట్టారు. మన దగ్గర 2010లో జ్యోతిబసు దేహం కలకత్తాలోని ఆసుపత్రికి, 2024 సెప్టెంబరులో మన తెలుగువాడు సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లాయి. గోరా పెట్టిన నాస్తిక కేంద్రం లాంటివి విజయవాడలో ఉండటం వల్ల ఈ ప్రాంతంలో ఈ మాట కొత్తేమీ కాదు. అయితే నాస్తికులే చేయాలని రూలేం లేదు, పూజలు చేసే ఇళ్ల నుంచి కూడా దాతలు వస్తున్నారు. ఇంటి దగ్గర చేయాల్సిన కార్యక్రమం చేసుకుని పంపుతారు, తర్వాతి కర్మలకు దర్భలతో బొమ్మ చేసి పెట్టే పద్ధతి మన పురోహితులకు తెలిసిందే, ఒకసారి అడిగి చూడండి.

జనం ఎక్కువగా కలిపేసుకునేది అవయవదానాన్నీ శరీరదానాన్నీ. మొదటిది బ్రెయిన్ డెడ్ అయ్యాక, గుండె ఇంకా కొట్టుకుంటుండగా, ఆసుపత్రిలో జరిగేది. గుంటూరు జీజీహెచ్‌లో 2016లో జరిగిన గుండె మార్పిడి అలాంటిది. దానికి 1994 నాటి కేంద్ర చట్టం ఉంది, రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం చూస్తుంది. శరీరదానం మామూలుగా ఇంట్లో చనిపోయినవాళ్లు కూడా చేయొచ్చు, అది నేరుగా మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి. అవయవాలు తీసిన దేహాన్ని సాధారణంగా డిసెక్షన్‌కు తీసుకోరు, కళ్లు మాత్రం ఇవ్వొచ్చు, ఆరు గంటల్లోపు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) తీయించి తర్వాత దేహాన్ని పంపొచ్చు. పోస్టుమార్టం అయినవీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి ఇన్ఫెక్షన్లున్నవీ, బాగా పాడైనవీ తీసుకోరు. చదువు అయ్యాక మెత్తటి భాగాలను బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం దహనమో, లోతుగా ఖననమో చేస్తారు, ఎముకలు చాలాసార్లు కాలేజీలోనే ఉంటాయి. అస్థికలు తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోవద్దు, కావాలంటే ముందే కాలేజీని అడగండి.

సంతకం పెట్టినంత మాత్రాన పని కాదు. ఇద్దరు సాక్షుల ముందు ఫారం నింపి, కార్డు జేబులో పెట్టుకుని తిరిగిన పెద్దమనిషిని, పోయాక పెద్దకొడుకు ఒప్పుకోక శ్మశానానికి తీసుకెళ్లిన ఇళ్లు నాకు తెలుసు. ఇంట్లోవాళ్లు కాదంటే కాలేజీ వాళ్లు వాదించరు, వాదించకూడదు కూడా. కొడుకును తప్పుపట్టడానికీ లేదు, నలుగురూ ఏమనుకుంటారోనన్న టెన్షన్ ఒకవైపు, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోవడం ఇంకోవైపు. కాబట్టి ఇవ్వాలనుకునేవాళ్లు ఆ సంగతి దాచిపెట్టకుండా పండక్కి అందరూ చేరినప్పుడే చెప్పేయండి, కోడళ్లకూ అల్లుళ్లకూ కూడా. మరణ ధ్రువీకరణ ఏ డాక్టరు ఇస్తారో, దేహాన్ని తీసుకెళ్లే వ్యాను కాలేజీదా మీదా అన్నది ఫారం ఇచ్చిన రోజే తేల్చుకోండి. ఫారం మీద ఉండేది అనాటమీ డిపార్ట్‌మెంట్ ల్యాండ్‌లైన్ నంబరు అయితే సాయంత్రం తర్వాత అది ఎవరూ ఎత్తరు, రాత్రి పూటకు, ఆదివారానికి వేరే నంబరు అడిగి రాయించుకుని ఫ్రిజ్ మీద అతికించండి.